హచ్ కుక్క గురక

మా అక్క వాళ్లింట్లో లడ్డూగాడి గురక ఒక పెద్ద వినోదం. లడ్డూ పగ్. బెజవాడలో మూడో అంతస్తు ఫ్లాటు, హాల్లో సోఫా, సోఫా మీద వాడు. రాత్రి తొమ్మిదికల్లా మొదలుపెడతాడు. ఇక టీవీలో ఎవరేం మాట్లాడుతున్నారో వినబడదు. మా మేనల్లుడు ఆ గురకను ఫోన్లో రికార్డు చేసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే, "అచ్చం మీ తాతయ్యే" అని మా అమ్మ రాసింది. అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను, ఆ సంగతి దాచను.

కిందటేడు రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల్లో, ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరుగుతోంది గానీ ఏసీ లేదు. అరగంట గడిచేసరికి లడ్డూ గచ్చు మీద బోర్లా పడి, కాళ్లు నాలుగూ చాపి, మెడ పైకెత్తి రొప్పడం మొదలుపెట్టాడు. నాలుక ఎర్రబడింది, తర్వాత నీలం తిరిగింది. అక్క తడి తువ్వాలు కప్పింది. బావ వాణ్ణి భుజాన వేసుకుని మూడంతస్తుల మెట్లూ దిగి, కారులో ఏసీ పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడ ఆక్సిజన్ పెట్టి, ఒళ్లు చల్లబరిచి, సాయంత్రానికి లేపి కూర్చోబెట్టారు.

గండం గడిచాక డాక్టరుగారు వాడి మూతి పట్టుకుని చూపించారు. ముక్కు రంధ్రాలు రంధ్రాల్లా లేవు, గోటితో గీసిన గీతల్లా ఉన్నాయి. లోపల అంగిలి వెనక ఉండే మెత్తటి భాగం ఉండాల్సిన దానికన్నా పొడుగై, ఊపిరి తీసినప్పుడల్లా గాలిదారికి అడ్డం పడుతోంది. ఆపరేషన్ చేయించాలన్నారు. "మీరు గురక అంటున్నారే, అది మెలకువలో కూడా ఉంటుంది కదమ్మా?" అని అడిగారు. అక్క కాసేపు ఆలోచించి, "పగ్‌లు అంతే కదండీ?" అంది.

ఈ వ్యాసం రాయించింది ఆ మాటే. అక్క అమాయకురాలేం కాదు. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు ఇదే ప్రశ్నను చప్పిడి ముక్కు కుక్కల యజమానులను అడిగి 2012లో ఫలితం ప్రచురించారు. శ్వాస జబ్బు ఖాయంగా ఉన్న కుక్కల యజమానుల్లో 58 శాతం మంది, "మా కుక్కకు ఊపిరి సమస్యేమీ లేదు" అన్నారు. కళ్ల ముందే అది రొప్పుతున్నా, గురకపెడుతున్నా, నాలుగడుగులు వేసి ఆగిపోతున్నా, 'ఈ జాతి ఇంతే' అనుకున్నారు. జబ్బు జాతి లక్షణమైపోతే ఇక దాన్ని జబ్బని ఎవరంటారు?

మన దగ్గర పగ్ అనే పేరు చాలామందికి ఆలస్యంగా తెలిసింది. అంతకు ముందు దాని పేరు హచ్ కుక్క. 2003లో ఆ ఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక పిల్లాడి వెనకే తిరిగిన ఆ కుక్కను చూశాక, అలాంటిది కావాలని అడగని ఇల్లు మా వీధిలో లేదు. మా అక్క అప్పుడు డిగ్రీలో ఉంది. పెళ్లయ్యాక కుక్కను పెంచితే అదే పెంచాలని అప్పుడే అనుకుందట. ప్రకటనలో అది పిల్లాడి వెంట ఎక్కడికైనా నడిచిపోతుంది. మా లడ్డూ రోడ్డు చివర టిఫిన్ బండి దాకా నడిస్తే గొప్ప.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. ఒంట్లో వేడిని అది ముఖ్యంగా రొప్పి బయటికి పంపుతుంది. ముక్కు లోపలి తడి పొరల మీదుగా గాలి ఆడాలి, అప్పుడే లోపల చల్లబడుతుంది. మూతి ఎముక కురచైనంత మాత్రాన లోపలి కండా పొరలూ అదే లెక్కన తగ్గవు. డబుల్ కాట్ మీద పరవాల్సిన పరుపును ఉయ్యాల తొట్టిలో కుదించినట్టు, అవి ఉన్న చోటులోనే ఇరుక్కుంటాయి. అందుకే బెజవాడ ఎండలో ఊరకుక్క కారు కింద నీడ చూసుకుని బతికేస్తుంది, మన లడ్డూకి ఏసీ ఆగితే ప్రాణం మీదికొస్తుంది.

మరి ఈ మూతి ఎప్పుడూ ఇంతేనా? కాదు. ఇంగ్లిష్ చిత్రకారుడు విలియం హోగార్త్ 1745లో తన పెంపుడు పగ్‌తో కలిపి తన బొమ్మ తనే వేసుకున్నాడు. ఆ కుక్క పేరు ట్రంప్ (నవ్వొస్తే నవ్వుకోండి, పేరు నేను పెట్టింది కాదు). దాని ముఖం చూడండి. మూతి ఉంది. కాళ్లు కూడా ఇప్పటి పగ్‌కన్నా పొడుగ్గా ఉన్నాయి. అక్కడి నుంచి నుదురూ ముక్కూ ఒకే గోడలా అయిన ఈ ముఖం దాకా ప్రకృతి తీసుకురాలేదు. మనుషులు, ఒక్కో తరంలో ఒక్కో పిల్లను ఎంచి, తీసుకొచ్చారు.

ఆ ఎంపికకు పద్ధతీ పుస్తకమూ తెచ్చినవి డాగ్ షోలు. బ్రిటన్‌లో కెన్నెల్ క్లబ్ 1873లో మొదలైంది. క్రఫ్ట్స్ అనే పెద్ద షో 1891 నుంచి జరుగుతోంది. ప్రతి జాతికీ ఒక బ్రీడ్ స్టాండర్డ్ రాసుకున్నారు: తల ఎలా ఉండాలి, చెవి ఎలా వాలాలి, తోక ఎటు తిరగాలి. మనం 'కుక్క తోక వంకర' అని సామెత చెప్పుకుంటాం కదా, పగ్ స్టాండర్డ్‌కి ఆ వంకర కూడా చాలదు. రెండు చుట్లు తిరిగితే మరీ శ్రేష్ఠం అంటుంది.

ఇందులో కిటుకు ఎక్కడుందంటే, స్టాండర్డ్‌లో 'పొట్టి మూతి' అని ఉంటుంది గానీ ఎంతకన్నా పొట్టిది కాకూడదో ఉండదు. రింగులో పది కుక్కలు నిలబడితే జడ్జి కన్ను సహజంగా ఆ లక్షణం బాగా కొట్టొచ్చినట్టు కనబడే దాని మీద ఆగుతుంది. అది గెలుస్తుంది. గెలిచిన మగకుక్కతో మేటింగ్‌కి అందరూ క్యూ కడతారు. వచ్చే ఏడు రింగులో ఉన్నవన్నీ దాని పిల్లలే. వాటిలో ఇంకా పొట్టిది గెలుస్తుంది. ఎవరూ కుక్కను హింసించాలనుకోలేదు. ఏటా ఒక్క నూలుపోగంత తేడా, అంతే. నూరేళ్లకు మూతే మాయమైంది.

చాలా ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక స్నేహితుడి వెంట డాగ్ షోకి వెళ్లాను. చలికాలం పొద్దున, మైదానంలో షామియానాలు, దువ్వెనలు, పౌడర్లు. చిన్న కుక్కల్ని టేబుల్ మీద నిలబెట్టారు. జడ్జి పళ్లు చూశాడు, వీపు తడిమాడు, తోక చూశాడు, హ్యాండ్లర్‌తో రింగులో ఒక రౌండు నడిపించాడు. నాకు చాలా బాగా అనిపించింది, అబద్ధమెందుకు. ఇప్పుడు తలుచుకుంటే ఒక్కటే గుర్తొస్తుంది. ఆ మనిషి ప్రతి కుక్కనూ చూశాడు, ఏ కుక్కనూ వినలేదు.

వినడానికి పద్ధతి ఉంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు తయారుచేశారు, బ్రిటన్ కెన్నెల్ క్లబ్బే 2019లో దాన్ని పథకంగా తెచ్చింది. కుక్క గొంతు దగ్గర స్టెతస్కోపు పెట్టి వింటారు, మూడు నిమిషాలు చురుగ్గా నడిపిస్తారు, మళ్లీ వింటారు. సున్నా నుంచి మూడు దాకా గ్రేడు ఇస్తారు. మూడు వస్తే దానితో పిల్లల్ని తీయొద్దని చెబుతారు. అందులో ఖరీదైన యంత్రమేమీ లేదు.

అయితే అంతదాకా రావడానికి అక్కడ పెద్ద గొడవే జరిగింది. 2008 ఆగస్టులో బీబీసీలో జాతి కుక్కల జబ్బుల మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది. కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ అని బొమ్మలాంటి కుక్క ఉంటుంది. దాని పుర్రె మెదడుకు చాలదు. మెదడు వెనక భాగం పట్టక కిందికి ఒత్తుకొస్తుంది, వెన్నుపాములో నీటి గుల్లలు ఏర్పడతాయి. ఆ నొప్పికి కుక్క గాల్లో గోక్కుంటూ, కుయ్యోమంటూ తిరుగుతుంది. ఆ జబ్బు ఉందని తేలిన కుక్క షోలో గెలవడం, దానితో పిల్లల్ని తీయించడం ఆ డాక్యుమెంటరీలో చూపించారు. 1966 నుంచి క్రఫ్ట్స్‌ను ప్రసారం చేస్తూ వచ్చిన బీబీసీ 2009లో మానేసింది. క్లబ్బు అన్ని జాతుల స్టాండర్డ్‌లనూ మళ్లీ పరిశీలించి, ఆరోగ్యానికి చేటు చేసే అతిని జడ్జిలు మెచ్చుకోకూడదని చేర్చింది.

2012లో ఇంకో అడుగు వేశారు. బాగా దెబ్బతిన్నవిగా గుర్తించిన 15 జాతుల్లో, క్రఫ్ట్స్‌లో తమ జాతికి ప్రథమ బహుమతి పొందిన కుక్కలను ఒక పశువైద్యుడు చూశాకే తర్వాతి రౌండ్‌కి పంపాలన్నారు. ఆరు తప్పాయి. బుల్‌డాగ్, పెకినీస్, మాస్టిఫ్, నియాపొలిటన్ మాస్టిఫ్, బాసెట్ హౌండ్, క్లంబర్ స్పానియల్. ఇవి వీధిలో పట్టుకొచ్చినవి కావు, ఆ దేశంలో ఆ జాతికి ఇదే ఉత్తమం అని కాసేపటి క్రితమే జడ్జి వేలు చూపించినవి. నిపుణుడి కన్ను మెచ్చిన కుక్కను డాక్టరు చిన్న టార్చిలైటుతో చూసి వెనక్కి పంపాడు. పెంపకందార్లకు ఒళ్లు మండిపోయింది. డాక్టరుకు జాతి గురించి ఏం తెలుసన్నారు. నాకైతే అది మా అక్క అన్న మాటకు ఇంగ్లిష్ అనువాదంలా వినబడింది.

ఇంతవరకూ చెప్పింది కంటికి కనబడే చేటు. స్టాండర్డ్ కోరింది, పెంపకందార్లు ఇచ్చారు. దీనికన్నా నన్ను ఎక్కువ కుదిపింది కనబడని రెండో చేటు. దాని గురించి చెప్పాలంటే మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

బావ మాకు బయటివాడు కాదు, మా మేనమామ కొడుకు. అక్క మొదటి కాన్పుకు ఆస్పత్రికి వెళ్లినప్పుడు, కేస్ షీట్‌లో పేరూ వయసూ రాసుకున్నాక డాక్టరమ్మ వేసిన మొదటి ప్రశ్న: "మేనరికమా?" అవునంటే పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఇంకో రెండు పరీక్షలు రాసింది. ఆ రిపోర్టులు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. పిల్లాడు బాగానే పుట్టాడు, ఇప్పుడు కుక్క గురకలు రికార్డు చేస్తున్నాడు. ఆ టెన్షన్ మాత్రం తెలుగు ఇళ్లలో చాలామందికి తెలిసినదే.

లెక్క చూస్తే, మేనత్త మేనమామ పిల్లలు పెళ్లి చేసుకుంటే వాళ్ల బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 6.25 శాతం. అక్క కూతుర్ని మేనమామకిస్తే 12.5 శాతం. సొంత అన్నాచెల్లెళ్లయితే 25 శాతం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లోని పరిశోధకులూ, వాళ్లతో పనిచేసినవాళ్లూ 227 కుక్క జాతుల జన్యువులు చూసి 2021లో ప్రచురించిన లెక్కలో సగటు దాదాపు 25 శాతం తేలింది. అంటే ఒక మామూలు జాతి కుక్క, జన్యువుల లెక్కలో, తోబుట్టువులకు పుట్టిన దానితో సమానం. బ్రిటన్‌లో 10,000 పగ్‌లున్న రోజుల్లోనే, వాటిలోని జన్యు వైవిధ్యం 50 కుక్కల్లో ఉండాల్సినంతే అని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2008లో లెక్కగట్టారు.

ఎందుకిలా? రిజిస్టర్ మూసేశారు కాబట్టి. తల్లీ తండ్రీ ఇద్దరూ పుస్తకంలో ఉంటేనే పిల్ల పుస్తకంలోకి వస్తుంది. బయటి రక్తం పడితే 'ప్యూర్' కాదు. ప్యూర్ అనే మాట కుక్కల వాళ్లు కనిపెట్టింది కాదని మన పెళ్లిళ్ల పేరయ్యలకు తెలుసు, దాని మీద ఇక్కడ ఇంకేం రాయను.

ఆ మాట ఎంత పట్టు పడుతుందో చూడాలంటే డాల్మేషియన్ కథ చాలు. తెల్ల ఒంటి మీద నల్ల చుక్కలుండే ఆ కుక్కలో ఒక లోపం జాతి మొత్తానికీ పాకింది. మామూలు కుక్క ఒంట్లో యూరిక్ యాసిడ్‌ను కాలేయం విరగ్గొట్టి బయటికి పంపుతుంది. డాల్మేషియన్‌లో ఆ పదార్థాన్ని కణాల్లోకి చేర్చే జన్యువు పాడైంది. ఫలితంగా మూత్రంలో రాళ్లు పడతాయి. మగకుక్కల్లో రాయి అడ్డం పడి మూత్రం ఆగిపోతే ప్రాణాంతకం. ప్యూర్ డాల్మేషియన్లలో ఈ లోపం లేనిది దొరకదు, కాబట్టి ఎన్ని మంచి కుక్కల్ని ఎంచినా జాతి లోపల మందు లేదు.

1973లో రాబర్ట్ షైబుల్ అనే అమెరికన్ జన్యుశాస్త్రవేత్త చాలా సులువైన పని చేశాడు. డాల్మేషియన్‌ను పాయింటర్ అనే ఇంకో జాతి వేటకుక్కతో ఒక్కసారి కలిపాడు. తర్వాత ప్రతి తరంలోనూ సరైన జన్యువు వచ్చిన పిల్లను ఎంచి, మళ్లీ డాల్మేషియన్‌తోనే కలుపుతూ పోయాడు. కొన్ని తరాలకు చూస్తే అన్నీ డాల్మేషియన్లే, చుక్కలతో సహా. జబ్బు లేదు. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటిలో రెండింటిని రిజిస్టర్ చేసింది కూడా. డాల్మేషియన్ పెంపకందార్లు ఒప్పుకోలేదు. ఎప్పుడో తాతల నాటి ఒక్క పాయింటర్ కోసం తలుపు వేసేశారు. అది మళ్లీ తెరుచుకుంది 2011లో. బ్రిటన్‌లో 2010లో ఒకదాన్ని తీసుకున్నారు. ముప్ఫై ఏళ్లు! మందు చేతిలో ఉండి, ముప్ఫై ఏళ్లలో ఎన్ని కుక్కలు మూత్రం రాక గిలగిల్లాడాయో.

ఒక మాట ఒప్పుకోవాలి. పాయింటర్ మంత్రం పగ్‌కు అలాగే పనిచేయదు. డాల్మేషియన్‌లో లోపం ఎవరూ కోరి తెచ్చింది కాదు, పొరపాటున జాతంతా పాకింది. పగ్ మూతిని కోరి తెచ్చారు. బయటి రక్తం కలిపినా, పుట్టిన పిల్లల్లో మళ్లీ చప్పిడి ముక్కునే ఎంచుకుంటే మొదటికొస్తాం. అక్కడ మారాల్సింది ముందు కన్ను. మనం మారమంటే చట్టం మార్చాల్సి వస్తుంది. నెదర్లాండ్స్‌లో మూతి పొడవు తల పొడవులో మూడో వంతు కన్నా తక్కువుంటే ఆ కుక్కతో పిల్లల్ని తీయకూడదన్నారు. నార్వే సుప్రీంకోర్టు 2023లో కావలియర్ పెంపకాన్ని, ఇప్పుడున్న కుక్కలను వాటిలో వాటికే కలిపే పద్ధతిలో, చట్టవిరుద్ధమంది. వేరే జాతితో కలిపి బాగుచేసే దారి మాత్రం మూయలేదు.

షోల వాళ్ల వాదన కూడా నాకు తెలుసు, అందులో నిజముంది. "మేం పరీక్షలు చేయిస్తాం, రికార్డులు ఉంచుతాం. అసలు దారుణం వెనక గదుల్లో పిల్లల్ని తీసి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లది" అంటారు. మన దేశంలో ఇది మరీ నిజం. ఇక్కడి పగ్‌లలో చాలావాటికి షో రింగు అంటే ఏమిటో తెలియదు. 2017 నిబంధనలు పెంపకందారు రిజిస్టర్ కావాలంటాయి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మొద్దంటాయి. అక్క లడ్డూను కొన్నచోట ఆ ఊసే లేదు. అడిగింది ఒక్కటే, "పేపర్లున్నాయా?" ఉన్నాయి. విత్ పేపర్స్ అయితే ఒక రేటు, వితౌట్ అయితే ఇంకో రేటు. ఛాంపియన్ బ్లడ్‌లైన్ అని చెప్పి ఇంకో ఐదు వేలు కలిపారు. ఆ కాగితం అమ్మానాన్నలెవరో చెబుతుంది. వాళ్లు ఊపిరి ఎలా తీసుకునేవాళ్లో చెప్పదు. వెనకగది వ్యాపారి పగ్ ముఖాన్ని కనిపెట్టలేదు, రింగులో గెలిచిన ముఖాన్ని చవగ్గా అచ్చు వేస్తున్నాడంతే.

"అందుకే దేశీ కుక్కల్ని పెంచండి" అని ఈ మధ్య చాలామంది అంటున్నారు. సంతోషమే, ఒక భయంతో. తమిళనాడు రాజపాళయం మన దేశీ జాతే, దానికి పోస్టల్ స్టాంపు కూడా ఉంది. ఒళ్లంతా పాలతెలుపు, గులాబీ రంగు ముక్కు ఉంటేనే అసలైనదని ఎంచుకుంటూ వచ్చారు. వాటిలో చెవుడు మామూలు సమస్య. తెలుపు ముచ్చటపడ్డది మనవాళ్లే, అందులో ఇంగ్లిష్‌వాడి ప్రమేయం అక్కర్లేదు.

మనకు జోనంగి ఉంది. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాసిన కుక్క. ఒంటి మీద వెంట్రుక ఉందా లేదా అన్నట్టుంటుంది. మొరగడం కన్నా ఒకరకంగా కూస్తుంది. నేలలో గుంత తవ్వుకుని అందులో పడుకుంటుంది. బాతులు పోయి చేపల చెరువులొచ్చాక దాని పనీ పోయింది, సంఖ్యా పడిపోయింది. ఇప్పుడు అభిమానులు దానికి జాతి గుర్తింపు రావాలని తపిస్తున్నారు. గుర్తింపు కావాలంటే ఎవరో ఒకరు కూర్చుని స్టాండర్డ్ రాయాలి. మొదటి వాక్యంలో ఏం రాస్తారు? చెవుల నిలుపా, తోక వంపా? లేక ఎండలో మందతో ఎన్ని గంటలు తిరగగలదో రాస్తారా? తక్కువున్న సంఖ్యలోంచే అందంగా ఉన్న పదింటిని ఏరి పుస్తకం మూసేస్తారా?

లడ్డూకి ఆపరేషన్ అయింది. ముక్కు రంధ్రాలు కోసి వెడల్పు చేశారు, అంగిలి వెనక మిగులు కత్తిరించారు. గురక పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది. మొదటి వారం రాత్రి హాలు మరీ నిశ్శబ్దంగా ఉండేసరికి మా మేనల్లుడు లేచి వెళ్లి వాడి మూతి కింద వేలు పెట్టి చూసేవాడట. ఇప్పుడు వాడు టిఫిన్ బండి దాటి గుడి దాకా నడుస్తున్నాడు, లడ్డూ.

పోయిన నెల బావ ఆఫీసులో ఒకాయన ఫోన్ చేశాడు. వాళ్లింట్లో ఆడ పగ్ ఉందట. "మీ లడ్డూకి పేపర్లున్నాయిగా, మేటింగ్‌కి ఇస్తారా? ఒక పిల్ల మీకే." ఆపరేషన్ సంగతి చెప్పినా ఆయన, "అది లోపల చేశారు కదండీ, బయటికి తెలియదుగా" అన్నాడు. బావ వాళ్ల కుక్క సర్టిఫికెట్ ఫొటో పంపమన్నాడు. రెండు కాగితాలూ డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకుని చూశాం. ఇటు తాతల వరసలో ఉన్న ఛాంపియన్ పేరే అటు తాతల వరసలోనూ ఉంది.

బావ ఆయనకు ఫోన్ చేశాడు. "ఏమీ అనుకోకండి. ఇద్దరికీ తాత ఒక్కడే. మేనరికం అవుతుంది, మేం ఇవ్వలేం."

వంటింట్లోంచి అక్క అంది, "ఆ మాట నన్ను చేసుకున్నప్పుడు గుర్తు రాలేదేం బావా?"